ముప్ఫై ఎనిమిదో వరుస

నిద్రపోతున్న మనిషిని లేపి ఆ మాట ఎలా చెప్పను. పైడమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. పక్క క్వార్టర్లోని ఛత్తీస్‌గఢీ ఆవిడే నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి, స్టూలు లాగి, పాపం రాత్రుళ్ళు నిద్ర లేదు, ఇప్పుడే కునుకు పట్టింది, కాసేపు ఆగు బేటీ అని చెప్పి కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. సరే, ఆగుతాను, నాకంత తొందరేం లేదు. అబద్ధం. తొందర లేకపోతే మే నెల ఎండలో, ఆఫీసులో తలనొప్పి అని చెప్పి, శంకర్ నగర్ నుంచి ఈ వ్యాగన్ షాపు కాలనీ దాకా ఆటోలో పడి ఎందుకొస్తాను. దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను, మూడే వాక్యాలు. ఆ చీటీ మీరు సరిగ్గానే చదివారు. చీటీయే తప్పుగా వచ్చింది. ఆ తప్పు చేసింది నేను. పెదవులు కదులుతున్నాయి కాబోలు, ఆటోవాడు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. పిచ్చిదనుకుని ఉంటాడు, అనుకోనీ. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో రమ్మని పిలవరు, వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు అని అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పింది. నేను వచ్చింది పరామర్శకి కాదు కదా, మరి ఇలాంటి పనికి వచ్చినవాళ్ళు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అమ్మ చెప్పలేదు. ఇలాంటి పనికి ఎవరైనా వస్తారని ఆవిడ మాత్రం ఎలా ఊహిస్తుంది.

కూలర్ తిరుగుతోంది కానీ అందులో నీళ్ళు లేవు, వేడిగాలి పైడమ్మ వీపు మీదికి కొడుతోంది. లేచి ఒక బకెట్టు నీళ్ళు పోస్తే బాగుండును. పోస్తే చప్పుడవుతుంది, లేస్తుంది, లేస్తే చెప్పాలి. కాబట్టి ఆ ముసలావిడ వేడిగాలికి అలా ఉడుకుతూ ఉండనీ అని నేను ఇక్కడ స్టూలు మీద కూర్చున్నాను చూడు, అదీ నా దయా దాక్షిణ్యం. గోడ మీద వెంకటస్వామి ఫోటో. ఇంకా కొత్తది, అద్దం అంచున షాపువాడి స్టిక్కర్ కూడా తియ్యలేదు. ఏ గుర్తింపు కార్డు బొమ్మనో పెద్దది చేయించి ఉంటారు, అందుకే మొహం కొంచెం మసకగా, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు రైలు పెట్టెలు బాగుచేసే ఈ వ్యాగన్ షాపులో ఫిట్టరు. ఇప్పుడు కొడుకు సూరిబాబు అందులోనే చేస్తున్నాడు, అక్కడి సుత్తి దెబ్బలు ఇక్కడికి వినిపిస్తున్నాయి, రెండు పడతాయి, ఆగుతుంది, మళ్ళీ రెండు. అతను ఐదింటికి డ్యూటీ దిగుతాడు. ఇప్పుడు నాలుగూ పది. అతను వచ్చేలోగా ఈవిడకి చెప్పేసి వెళ్ళిపోవాలి. అతని ముందు చెప్పే ధైర్యం నాకు లేదు, ఉన్నదున్నట్టు చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

నా పేరు నాంచారమ్మ. మా నాన్నమ్మ పేరు. ఈ రాయ్‌పూర్‌లో ఆ పేరు ఎవరి నోటా తిరగదు కనక ఆఫీసులో నన్ను నాన్సీ అంటారు, మా నాన్నమ్మ వింటే చెంబుచ్చుకు కొట్టును. నాన్న తిల్దా స్టేషన్లో గూడ్స్ క్లర్కు. బియ్యం మిల్లుల ఊరు, ఊరంతటికీ తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. నేను చదివింది హిందీ బడి. తెలుగు మాట్లాడ్డమైతే వచ్చుగానీ అక్షరాలెక్కడివి. అమ్మ ఎప్పుడో విజయనగరం నుంచి వస్తూ తెచ్చుకున్న వారపత్రికలు చదివి చదివి చిరిగాక వంటింటి అరల్లో పరిచేది. పోపుడబ్బాలు ఎత్తి ఎత్తి వాటి కింద నేను అక్షరాలు నేర్చుకున్నాను. అర వెడల్పుకి కాగితం మడత పడేది కాబట్టి ఏ కథకీ మొదలు ఉండేది కాదు, దేనికీ చివర ఉండేది కాదు. ఉప్పు డబ్బా కింద ఒకావిడ రైలెక్కేది, ఎక్కడికో తెలియదు. అయినా తెలుగు అంటే నాకు ఆ వాసనే, మెంతులూ ఇంగువా. మా అన్నయ్య ఒక్క అక్షరం నేర్చుకోలేదు. ఇక్కడ పుట్టిన మగపిల్లలెవరూ నేర్చుకోరు, ఏం చేసుకోవాలి అంటారు. సూరిబాబూ అంతే, తెలుగులో తిట్టడం వచ్చు, చదవడం రాదు. అతనికి చదవడం వచ్చి ఉంటే, ఒక్క చూపు చూసి ఉంటే, ఈపాటికి అంతా బయటపడేది, నేను ఇలా వచ్చే అవసరం ఉండేది కాదు. చూశావా, తప్పు మెల్లగా అతని మీదికి నెట్టేస్తున్నాను.

ఉద్యోగం నాకు ఆ డబ్బాల కింది చదువే ఇచ్చింది. మా కంప్యూటర్ ఆఫీసు నడిపే సాహు సార్ అప్పట్లో ఊళ్ళో ఒక ట్రస్టు ఆస్పత్రికి ప్రోగ్రామ్ రాస్తున్నాడు, రోగుల సమాచారం చెప్పే కిటికీ దగ్గర కంప్యూటర్ పెట్టి, మంచం నంబరు కొడితే చిన్న చీటీ వచ్చేలాగా. హిందీ, ఇంగ్లీషు, తెలుగు మూడింట్లో ఉండాలన్నారు ట్రస్టువాళ్ళు, రైల్వే తెలుగువాళ్ళు ఎక్కువగా అక్కడికే వెళతారు కదా. తెలుగు చదవగలవా అన్నాడు సాహు సార్. చదవగలను అన్నాను. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. ప్రోగ్రామ్‌కి భాష రాదు. దానికి అంకెలే వచ్చు. పన్నెండో మాట ఇవ్వు అంటుంది, అంతే. ఆ పన్నెండో మాట హిందీ ఫైల్లో పన్నెండో వరుసలో హిందీలో ఉంటుంది, తెలుగు ఫైల్లో పన్నెండో వరుసలో తెలుగులో ఉంటుంది. వరుసల పక్కన నంబర్లు వెయ్యం, అది పైనుంచి లెక్కపెట్టుకుంటుంది. ఏదైనా వరుస ఖాళీగా ఉంటే దాని బదులు ఇంగ్లీషు మాట తెచ్చి పెడుతుంది. మొత్తం యాభై రెండు వరుసలు. ఆ ఫైళ్ళు చూసుకోవడమే నా పని. కొత్త మాట వస్తే చివర చేర్చాలి. పాత మాట అక్కర్లేకపోతే చెరిపి ఖాళీ ఉంచాలి, వరుసని మాత్రం తీసెయ్యకూడదు. ఈ రెండు ముక్కలూ అట్ట మీద రాసి నా బల్ల ముందు గోడకి అంటించింది వేరే ఎవరూ కాదు, నేనే. కొత్తగా చేరినవాళ్ళకి చూపుడువేలు ఆడిస్తూ చెప్పేదాన్ని కూడా.

ఆ యాభై రెండు మాటలూ రాసింది సగం అమ్మే. సాయంత్రం బీరకాయలు చెక్కు తీస్తూ నేను చదివేది వినేది. 'రోగి' అని రాస్తే ఒప్పుకోలేదు. "రోగేటే? ఆసుపత్రికొచ్చినోళ్ళ గుండె గుబగుబలాడుతుంటే మీ రోగి, మీ రోగి అంటావా. మీ మనిషి అను" అంది. మీ మనిషి. ఎంత బాగుందో అనుకున్నాను. హిందీ ఫైల్లో లేదు ఆ మాట, ఇంగ్లీషులో అసలే లేదు, మా తెలుగులోనే ఉంది, మీ మనిషి జనరల్ వార్డులో ఉన్నారు, మీ మనిషికి మందులు తీసుకురండి. 'తప్పు నంబరు' అని ఉంటే అలా కసిరినట్టు వద్దు, మరోసారి చూసి చెప్పండి అని రాయమంది. తెర మీద మొదటిసారి తెలుగు అక్షరం నిండుగా, గుండ్రంగా వచ్చినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సాహు సార్ ఎదురుగా ఉన్నాడని ముక్కు చీదుకున్నాను. ఈ ఊళ్ళో బోర్డు మీద తెలుగు లేదు, బస్సు మీద లేదు, రేషన్ కార్డు మీద లేదు. ఎవరైనా మా ముసలమ్మలు ఆ కిటికీ దగ్గర నిలబడి, పక్కవాళ్ళని బతిమాలకుండా, తమంతట తాము చదువుకుంటారు కదా అని వారం రోజులు నేల మీద నడవలేదు. పైడమ్మ సరిగ్గా అలాగే చదువుకుంది. తనంతట తానే.

సుత్తి దెబ్బలు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. నా చెవులకే ఆగినట్టు అనిపించిందేమో. పైడమ్మ ఇటు తిరిగింది, లేచిందేమో అనుకున్నాను, లేవలేదు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మెడలో ఏమీ లేదు. పదకొండో రోజు అయిపోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. ఎంత చిన్న మనిషి, మా అమ్మ కన్నా చిన్నగా ఉంది, చాపలో సగం కూడా ఆక్రమించలేదు. మూడో క్లాసు దాకా చదువుకుందట. ఆ మూడో క్లాసు ఇన్నేళ్ళూ పోగొట్టుకోకుండా ఉంచుకుంది, ఊరినుంచి వచ్చే ఉత్తరాలు కాలనీలో అందరికీ ఈవిడే చదివి పెట్టేదట. ఇప్పుడు మానేసిందట. మొన్న ఎవరో శుభలేఖ చదవమని తెస్తే, నాకు రాదమ్మా, నన్నడక్కండి అని లోపలికి వెళ్ళిపోయిందట. ఇవన్నీ అమ్మ చెప్పింది నాకు. నేనడగలేదు. అడగకుండానే అన్నీ చెబుతుంది.

ముప్ఫై ఏడో వరుస. దాని గురించి ఆలోచించకూడదనుకుంటూనే ఇక్కడికొచ్చాను. 'మీ మనిషి మరణించారు. ఆఫీసులో కలవండి.' ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది, తెలుగులోనూ రాశాను. కొన్ని నెలలు అలాగే ఉంది, ఎవరికీ ఆ చీటీ పడలేదు, దేవుడి దయ. ఏప్రిల్‌లో ఫైలు అంతా మళ్ళీ ఒకసారి అమ్మకి చదివి వినిపిస్తుంటే అక్కడ ఆపేసింది. కత్తిపీట పక్కకి పెట్టేసింది. "చావు కబురు పర్చీ మీద, చీటీ ముక్క మీద అచ్చేసి చేతిలో పెడతారటే? మనవాళ్ళు ఎదురుగా ఉన్నోళ్ళకి కూడా పోయాడని చెప్పరు. కాస్త బాగోలేదు రండి అంటారు, వచ్చాక పక్కన కూకోబెట్టి చెబుతారు. ఆ ముక్క తీసెయ్యి, పాపం తగులుకుంటాది" అంది. నిజమే కదా. తాతయ్య పోయినప్పుడు నాన్నకి వచ్చిన టెలిగ్రాంలో కూడా 'సీరియస్' అనే ఉంది, దారంతా బతికే ఉన్నాడనుకుంటూ వెళ్ళాడు నాన్న, ఆ పద్నాలుగు గంటలైనా ఆయనకి తండ్రి ఉన్నాడు. యంత్రానికి ఆ పాటి మర్యాద నేర్పలేమా అనిపించింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, ఎవరినీ అడక్కుండా, ఆ ముక్క తీసేశాను. చెరిపి ఖాళీ ఉంచాలి. గోడ మీద రాసి ఉంది, నా చేతి రాతే. నేను ఖాళీ ఉంచలేదు. వరుసకి వరుసే లాగేశాను. అంత చెడ్డ మాట ఉన్న చోటు ఖాళీగా కూడా అక్కడ ఉండకూడదనిపించిందో, చెయ్యి తొందరపడిందో, ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా నా వేలు ఆ మీట మీద ఎందుకు పడిందో తెలియడం లేదు. ఒక్క మీట. రేషన్ క్యూలో ఒక మనిషి తప్పుకుంటే వెనకవాళ్ళందరూ ఒక్కో అడుగు ముందుకు జరిగినట్టు, ముప్ఫై ఎనిమిది వచ్చి ముప్ఫై ఏడులో నిలబడింది, ముప్ఫై తొమ్మిది వచ్చి ముప్ఫై ఎనిమిదిలో నిలబడింది. ప్రోగ్రామ్‌కి ఏం తెలుసు, అది లెక్కపెట్టుకుంటుంది, అంతే.

ముప్ఫై ఎనిమిది: 'మీ మనిషి పరిస్థితి ఏమీ బాగాలేదు. వెంటనే రెండో అంతస్తుకి రండి.' ముప్ఫై తొమ్మిది: 'మీ మనిషి జనరల్ వార్డులో ఉన్నారు. చూడడానికి సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపు రండి.' రెండూ నేను రాసినవే, రెండూ మంచి తెలుగే.

గురువారం ఆస్పత్రిలో కొత్త ఫ్లాపీ ఎక్కించాం. మొదటి పది మాటలూ వేసి చూశాను, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఉండక ఏమవుతాయి, జరిగింది ముప్ఫై ఏడు తర్వాత కదా. శుక్రవారం సాహు సార్ ఒక చీటీ పట్టుకొచ్చి, నాన్సీ, తెలుగు చీటీ అడుగున ఇంగ్లీషులో థాంక్యూ అని వస్తోంది, ఏమిటి చూడు అన్నాడు. యాభై రెండో వరుస అది, ధన్యవాదాలు. వరుసలు యాభై ఒకటే మిగిలితే యాభై రెండోది దొరక్క ఇంగ్లీషు తెచ్చి పెట్టింది. అక్కడే తెలియాలి నాకు. ఒక వరుస తగ్గిందని ఆ థాంక్యూ అరిచి చెబుతోంది. నేనేమన్నాను, థాంక్యూ అనని తెలుగువాడు ఎవరున్నారు సార్, సోమవారం చూస్తాలెండి అని నవ్వాను. సోమవారం ఇంకేదో పని పడింది. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి పైడమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి పదహారో నంబరు మంచం అంది. మిగతా తప్పంతా ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. పళ్ళు రాలగొట్టుకోవాలనిపిస్తోంది.

ముందురోజు రాత్రి గుండెనొప్పి అని చేర్చారు ఆయన్ని. పొద్దున కొడుకు డ్యూటీకి వెళ్ళాడు, కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉంది, ఈవిడ ఒక్కతే వచ్చింది. మెట్ల దగ్గర వాచ్‌మన్ పైకి వెళ్ళనివ్వలేదు. కిటికీలో మనిషి ఏ భాష అంటే తెలుగు అంది, అతనికి తెలుగు రాదు, చింపి చేతిలో పెట్టాడు. చదువుకుంది. జనరల్ వార్డు, నాలుగింటికి. తేలికపడింది. ఆటో కూడా ఎక్కకుండా నడిచి ఇంటికొచ్చిందట, వచ్చి చారు కాచి, అన్నం మెత్తగా వండి, స్నానం చేసి, నాలుగవడానికి పది నిమిషాలుండగా టిఫిను డబ్బా పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఒంటిగంటా నలభైకి పోయాడాయన. పన్నెండో రోజున గుడి దగ్గర విని వచ్చి అమ్మ ఇదంతా నాకు అన్నం పెడుతూ చెప్పింది. "వెంటనే రమ్మనే పర్చీ ఇచ్చామన్నారట ఆసుపత్రోళ్ళు, ఇది సాయంత్రం రమ్మని చదివిందట, పాపిష్టిది. చదువు రానిదానివి ఎవరినైనా అడగాలా వద్దా అని కొడుకు నానా మాటలూ అన్నాడట, ఆ పర్చీ చింపి కాలవలో పారేసాడట. అప్పట్నుంచీ తల్లితో మాట్లాడ్డం లేదట" అంది. ఇంకో గరిటె పప్పు వేసింది అమ్మ. పాపం తగులుకుంటాది అన్న మాట తనే అన్నదని ఆవిడకి గుర్తు లేదు.

ఆదివారమైనా సరే తాళం తీయించుకుని ఆఫీసుకి వెళ్ళాను. ఫైలు తెరిచి వేలు పెట్టి లెక్కపెట్టాను, చిన్నపిల్లలు మెట్లు లెక్కపెట్టినట్టు పైకే లెక్కపెట్టాను. యాభై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాను. సోమవారం సాహు సార్‌కి చెప్పేశాను. ఆయన చెడ్డవాడు కాదు. అరవలేదు. ఐదు నిమిషాల్లో వరుస సరిచేయించి, కొత్త ఫ్లాపీ పంపించి, తలుపు దగ్గరగా వేసి కూర్చోబెట్టాడు. తప్పులు ఎవరు చెయ్యరు నాన్సీ అన్నాడు. వాళ్ళింట్లో తెలుగు చదివేది ఆవిడొక్కతే అంటున్నావు, చీటీ చింపేశారంటున్నావు, ఇంక ఎవరికి తెలుస్తుంది అన్నాడు. తెలిస్తే ట్రస్టువాళ్ళు పని ఆపేస్తారు, ఇక్కడ తొమ్మిదిమంది ఉన్నారు, నీ ఉద్యోగం సంగతి నేను చెప్పనక్కర్లేదు అన్నాడు. మంచినీళ్ళు కూడా తెప్పించాడు. అన్నీ నిజాలే. నాన్న పెన్షన్లో ఉండగా పోయిన ఏడాదే చనిపోయాడు, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది, అవన్నీ సరే. నేను చల్లగా నోరు మూసుకుని ఉంటే ఎవరికీ నష్టం లేదు, ఒక్క పైడమ్మకి తప్ప. ఆవిడ మాత్రం బతికినన్నాళ్ళూ మొగుణ్ణి ఒంటరిగా చావనిచ్చింది తానే అనుకుంటుంది. చేతనైన ఒక్క విద్య, ఆ మూడో క్లాసు చదువు, అది కూడా తనకి రాదనుకుంటుంది. ఆవిడ సరిగ్గానే చదివిందన్న నిజం నేనివ్వాల్సినది, నా దగ్గర ఉంది. మూడు రోజులు ఇచ్చెయ్యకుండా దాచుకున్నాను.

పోనీ వెళ్ళిపోతే. ఇప్పుడు లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోతే ఎవరికి తెలుస్తుంది. పక్కింటావిడకి నేనెవరో తెలియదు. ఉత్తరం రాసి పంపవచ్చు, ఆవిడ చదవడం మానేసింది కదా, చదవదు, నేను చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. ఛీ. ఎంత చక్కగా పనిచేస్తోంది బుర్ర, ఈ తెలివి ఆ శుక్రవారం ఎక్కడికి పోయింది. అమ్మకి మాత్రం చెప్పను. ఆ ముక్క తీసెయ్యమన్నది అమ్మే అని ఎక్కడా అనను, ఈవిడ దగ్గరా అనను. అమ్మ అన్నది మంచి మాట. దాన్ని తీసే పద్ధతి తెలిసినదాన్ని నేను. నాలుగూ నలభై. సుత్తి దెబ్బలు నిజంగానే ఆగాయి ఈసారి. పనివాళ్ళు చేతులు కడుక్కుంటూ ఉంటారు.

"ఎవులది?"

కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"నేనండీ, తాయారమ్మ గారి అమ్మాయిని. తిల్దాలో ఉండేవాళ్ళం."

"ఓలమ్మ, నువ్వా. నిద్దర నేపొద్దా మరి, అలా కూకుండిపోయావు." లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. "మీయమ్మ మొన్నొచ్చింది. నిన్న కూడా ఎవులో వచ్చేరు. అందరూ వస్తన్నారు. వచ్చి ఏటి సెయ్యగలరు."

నా మూడు వాక్యాలూ ఎక్కడికి పోయాయో. ఆవిడే చెప్పుకుపోతోంది, ఎవరు వచ్చినా ఇదే చెబుతోందేమో, ఫోటో వైపు చూడకుండా నేల వైపు చూస్తూ చెబుతోంది.

"ఒంటిగంట దాకా తెలివిగానే ఉన్నాడంట. ఏదో అడిగేడంట. రెండుసార్లు మూడుసార్లు అడిగేడంట. నర్సమ్మకి తెలుగు రాదు గదా. కుఛ్ బోల్ రహే థే, సమఝ్ నహీ ఆయా, ఏదో అన్నాడు గానీ తెలీలేదు అంది నాతోటి. ఏటడిగేడో. దాహం అడిగేడో. నన్నే అడిగేడో. నానక్కడుంటే తెలుసును గదమ్మా. నాకు రాని సదువు సదివేసి ఇంటికొచ్చి సారు కాసుకుంటన్నాను."

"మీరు సరిగ్గానే చదివారండీ," అన్నాను. "చీటీలో సాయంత్రం నాలుగింటికి రమ్మనే ఉంది. మీరు చదివిందే ఉంది. అది తప్పుగా పడింది. ఆ మాటలు కంప్యూటర్లో పెట్టే పని నాది. నేను ఒక వరుస తీసేశాను, తియ్యకూడదు, దాంతో కింద మాటలన్నీ తారుమారయ్యాయి. మీకు రావాల్సింది వెంటనే రెండో అంతస్తుకి రమ్మని. నా వల్ల ఇంకోటి వచ్చింది. నేనే చేశాను."

అర్థమైందో లేదో అనుకున్నాను. ఇంకా చెప్పబోయాను, ఎలా లెక్కపెడుతుందో, ఏ వరుస ఎక్కడికి జరిగిందో. చెయ్యి అడ్డంగా ఊపింది, వద్దని. తన రెండు చేతులూ చూసుకుంది.

"జనరల్ వార్డు అని ఉంది గదా."

"ఉందండీ."

"నాలుగు నుంచి ఆరు లోపు."

"అవునండీ. అలాగే ఉంది."

"మీ మనిషి అని ఉంది."

"ఉంది," అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆవిడ ఏడవలేదు, నా ఏడుపు చూసి ఊరుకోమనీ అనలేదు. ఊరుకోమంటుందేమోనని ఎదురుచూశాను, ఎంత సిగ్గులేనిదాన్ని.

"అయితే నాను బాగానే సదివేనన్నమాట," అంది పైడమ్మ. నాతో కాదు, తనతో తాను. ఇంకోసారి అంది. తర్వాత లేచి గుమ్మం దాకా వచ్చి రోడ్డు వైపు చూసింది. సైకిళ్ళు గుంపుగా వస్తున్నాయి షాపు గేటు వైపు నుంచి. నేను కూడా లేచాను. వెళ్తానండీ అన్నాను.

"కూకో," అంది, నా వైపు తిరక్కుండానే. "మావోడొస్తాడు. ఆడితోటి నువ్వే సెప్పు. నాను సెప్తే ఆడు నమ్మడు."

కూర్చున్నాను. ఉద్యోగం ఇవాళ్టితో అయిపోయిందని తెలుసు, అది కూడా ఇప్పుడు పెద్ద సంగతిగా అనిపించలేదు. చెప్పేశాను కదా, ఇంక బరువు దిగుతుందనుకున్నాను. పైడమ్మ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కోపం లేదు ఆ మొహంలో, కోపం ఉంటే బాగుండేది.

"ఇందీల ఉంటే నాకు రాదు గదా," అంది నెమ్మదిగా, చదువు చెప్పేవాళ్ళు చెప్పినట్టు. "ఎవుల్నో ఒకల్ని అడుగుదును. ఇద్దర్ని అడుగుదును. ఆ మెట్లకాడి వాడి కాళ్ళయినా పట్టుకుందును. మన తెలుగుల ఉంది గదాని ఎవుల్నీ అడగలేదమ్మా."

బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. నేను లేచి నిలబడ్డాను.